సాయంత్రం తగవుకు పొద్దున్నే తీర్పు



కార్తీక మాసం వచ్చిందంటే మన ఊళ్లలో ఒక మార్పు కనిపిస్తుంది. నల్లబట్టలు కట్టుకుని, మెడలో మాల వేసుకుని, కాళ్లకు చెప్పులు లేకుండా నడిచే అయ్యప్ప స్వాములు ఏ వీధికి వెళ్లినా ఎదురవుతారు. ఆటో నడిపేవారు, తాపీ పనివారు, బ్యాంకు ఉద్యోగులు, కాలేజీ కుర్రాళ్లు అందరూ ఉంటారు వారిలో. నిన్నటి దాకా మందు లేనిదే ఇల్లు చేరని మనిషి మాల వేసుకున్న రోజు నుంచి చుక్క ముట్టడు. గంటకో సిగరెట్టు వెలిగించే మనిషి అగ్గిపెట్టె జోలికి పోడు. ఎనిమిదింటికి గానీ మంచం దిగని కుర్రాడు తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం చేసి పీఠం ముందు కూర్చుంటాడు. ఇదంతా ఒకటి రెండు రోజుల ముచ్చట కాదు. మండలం, అంటే 41 రోజులు.

ఆ తరవాత ఇరుముడి కట్టుకుని శబరిమల వెళ్లి, పద్ధెనిమిది మెట్లు ఎక్కి, ఇంటికి తిరిగివచ్చి మాల తీస్తారు. కొందరు ఆ మంచి అలవాటును అలాగే నిలబెట్టుకుంటారు. కొందరు మాత్రం వారం తిరక్కుండానే పాత దారి పడతారు. అప్పుడు ఇంట్లోవాళ్లూ, ఇరుగుపొరుగూ ఒకే మాట అంటారు. 'వాడికి మనసు గట్టిది కాదండీ' అని. నాకు ఆ మాట సబబుగా తోచదు. మనసు గట్టిది కాకపోతే 41 రోజులు ఎలా నిలిచాడు? నిలిచినవాడి మనసు 42వ రోజున ఎందుకు మెత్తబడింది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు దొరికితే, తెల్లవారుజామున లేవడం దగ్గర నుంచి డబ్బు పొదుపు దాకా మనం మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తున్న చాలా పనులకు దారి దొరుకుతుందని నా నమ్మకం. ఈ పూట మీతో మాట్లాడాలనుకున్నది ఆ దారి గురించే.

ముందు దీక్షనే కాస్త దగ్గరగా చూద్దాం. పొద్దున్నే తలస్నానం చేసి గుడికి వెళతారు. గురుస్వామి మెడలో మాల వేస్తారు. దాంతో నిర్ణయం అయిపోయింది. అక్కడి నుంచి ఆ మనిషి తనంతట తాను తేల్చుకోవలసింది దాదాపు ఏమీ మిగలదు. ఎప్పుడు లేవాలి, రోజుకు ఎన్నిసార్లు స్నానం చేయాలి, మధ్యాహ్నం భిక్షలో ఏం తినాలి, రాత్రి అల్పాహారం ఏమిటి, ఎక్కడ పడుకోవాలి, ఏ రంగు బట్ట కట్టాలి, ఎదుటివారిని ఏమని పిలవాలి, అన్నీ ముందే స్థిరపడి ఉన్నాయి. సాయంత్రం పాత స్నేహితుడు ఎదురైతే 'ఇవాళ వెళదామా, వద్దా' అనే తర్జనభర్జన లేదు. అసలు ఆ స్నేహితుడే అడగడు. మాల చూడగానే 'స్వామి శరణం' అని తన దారిన తాను వెళ్లిపోతాడు.

దీనికి తోడు, దీక్ష సాయంత్రాన్ని ఖాళీగా వదలదు. మందు మానదలచుకున్న మనిషికి అసలు గండం పని దిగిన తరవాతి రెండు మూడు గంటలు. పగలంతా ఎలాగో గడుస్తుంది. సరిగ్గా ఆ వేళకే సన్నిధానంలో పూజ ఉంటుంది, భజన ఉంటుంది, ఒకరోజు ఒక స్వామి ఇంట్లో పడిపూజ, మరో రోజు మరో స్వామి ఇంట్లో. 'అది మానెయ్' అని చెప్పి ఊరుకోకుండా, ఆ వేళకు చేయడానికి ఇంకో పని చేతికి అందించింది దీక్ష. చుట్టూ అదే పని చేస్తున్న పదిమందినీ ఇచ్చింది.

మినహాయింపులు కూడా ముందే తేలిపోయాయి. దీక్షలో ఉండగా దగ్గరి బంధువు పోతే మాల తీసేయాలనే నియమం ఉంది. కష్టం వచ్చిన రోజున కూర్చుని 'ఇప్పుడు ఏం చేయాలి' అని కొత్తగా ఆలోచించనక్కర్లేదు. ఏది వస్తే ఏం చేయాలో మొదటిరోజునే తెలుసు.

భక్తిని నేను తక్కువ చేయడం లేదు. ఆ నిష్ఠకు మూలం భక్తే. కానీ ఆ భక్తి పని చేసిన తీరు చూడండి. ప్రతి సాయంత్రం ప్రలోభంతో కుస్తీ పట్టమని అది మనిషిని బరిలోకి దించలేదు. మనసు నిర్మలంగా ఉన్న ఒక ఉదయాన ఒక్క నిర్ణయం తీసుకోమంది. ఆ తరవాతి 41 సాయంత్రాలనూ ఆ ఒక్క నిర్ణయం కాసుకుంది.

మన పెద్దలకు ఈ కిటుకు బాగా తెలుసు. మన ఇళ్లలో ఏ పూజ చేసినా, ఏ వ్రతం పట్టినా ముందు సంకల్పం చెప్పిస్తారు పురోహితుడు. అందులో ఏముంటుందో గమనించారా? మనం ఉన్న చోటు శ్రీశైలానికి ఏ దిక్కున ఉందో, ఏ నదుల మధ్య ఉందో చెబుతాం. సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం చెబుతాం. గోత్రం చెప్పి, పేరు చెప్పి, చివరికి ఫలానా పని చేయబోతున్నానని చెబుతాం. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఏమిటి, అన్నీ ఒక్క వాక్యంలో వచ్చేస్తాయి. దాని తరవాతే పువ్వు చేతిలోకి తీసుకోవడం. రంజాన్ నెలలో ముస్లిం ఇళ్లలో గోడ మీద సహర్, ఇఫ్తార్ వేళలు నిమిషాలతో సహా అచ్చువేసిన పట్టిక ఉంటుంది. ఉపవాసం ఎప్పుడు మొదలవాలో, ఎప్పుడు విడవాలో ఆకలి వేసినప్పుడు ఎవరూ చర్చించరు. క్రైస్తవ కుటుంబాల్లో లెంటు నలభై రోజులకు ఏది మానాలో మొదటిరోజునే అనుకుంటారు. మతాలు వేరు, పద్ధతి ఒకటే.

ఇప్పుడు మనం కొత్త సంవత్సరం రోజున చేసుకునే తీర్మానాలు తలుచుకోండి. 'ఈ ఏడాది ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకుంటాను', 'ఇక నుంచి బాగా చదువుతాను', 'డబ్బు దుబారా చేయను'. చోటు లేదు, వేళ లేదు, ఫలానా పని అని లేదు. ఉన్నది ఒక మంచి కోరిక మాత్రమే. కోరిక నిజమైనదే. కానీ దాన్ని నడిపించాల్సిన భారం అంతా ప్రతిరోజూ అలసిపోయి ఇంటికి చేరే మనిషి మీద పడింది.

ఈ తేడాను జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ ఎన్నో ఏళ్లు పరిశోధించారు. 1997లో వెరోనికా బ్రాండ్‌స్టాటర్‌తో కలిసి ప్రచురించిన ఒక ప్రయోగం చెబుతాను. విద్యార్థులకు ఒక చిన్న పని అప్పగించారు. క్రిస్మస్ ముందురోజు సాయంత్రాన్ని ఎలా గడిపారో రాసి, 48 గంటల్లోపు పంపాలి. సెలవుల్లో, పండుగ హడావిడిలో చేయవలసిన పని. సగం మందిని మాత్రం, ఆ రాత పని ఎప్పుడు, ఎక్కడ కూర్చుని చేస్తారో ముందే రాసి ఇమ్మన్నారు. మిగిలినవాళ్లను అది అడగలేదు. గడువు లోపల పని పూర్తిచేసినవారు రెండో గుంపులో మూడింట ఒక వంతు. వేళా, చోటూ ముందే రాసుకున్న గుంపులో నాలుగింట మూడు వంతులు. వాళ్లేమీ వీళ్లకంటే క్రమశిక్షణ ఉన్నవాళ్లు కారు. వాళ్లకు అదనంగా దక్కింది ఒక్క వాక్యం.

ఆ వాక్యానికి ఒక రూపం ఉంది. 'ఫలానా సందర్భం వస్తే, ఫలానా పని చేస్తాను.' ఇలా ముందే ముడివేసి పెట్టుకున్నాక, ఆ సందర్భం రాగానే పని దానంతట అదే గుర్తుకొస్తుంది. 'చేయనా, తరవాత చూద్దామా' అని మనసు బేరమాడే లోపలే చెయ్యి కదులుతుంది. 2006లో గోల్విట్జర్, పాస్కల్ షీరన్ కలిసి ఇటువంటి 94 పరిశోధనలను ఒకచోట చేర్చి చూశారు. ఆరోగ్యం, చదువు, వ్యాయామం, ఇలా రకరకాల విషయాల్లో ఈ పద్ధతి చెప్పుకోదగ్గ మేలు చేస్తోందని తేలింది.

మేలు ఎప్పుడూ కొండంత ఉంటుందని చెప్పను. అమెరికాలో ఒక సంస్థ తన ఉద్యోగులకు ఫ్లూ టీకాలు ఉచితంగా వేయిస్తూ ఉత్తరాలు పంపింది. కొందరి ఉత్తరాల్లో, ఏ తేదీన, ఎన్ని గంటలకు వెళ్లి వేయించుకుంటారో రాసుకోవడానికి ఖాళీ గడులు అచ్చువేశారు. ఆ గడులు లేని ఉత్తరాలు అందినవారిలో నూటికి 33 మంది టీకా వేయించుకుంటే, గడులున్నవారిలో 37 మంది వేయించుకున్నారు. 2011లో అచ్చయిన పరిశోధన ఇది. పెరిగింది నలుగురే అనిపించవచ్చు. అయితే ఖర్చు ఏమిటి? కాగితం మీద రెండు ఖాళీ గడులు. వాటిని ఎవరూ తనిఖీ చేయలేదు, నింపి తిరిగి పంపమని కూడా అడగలేదు.

ముందస్తు నిర్ణయాన్ని ఒక జీవిత విధానంగా మలుచుకున్న మనిషి మన దేశంలోనే ఉన్నారు. గాంధీజీ 1888లో చదువు కోసం లండన్ బయలుదేరినప్పుడు ఆయనకు ఇంకా 19 ఏళ్లు నిండలేదు. తల్లి పుత్లీబాయి బెంగ తీర్చడానికి, మాంసం, మద్యం, పరస్త్రీ జోలికి పోనని బేచర్జీ స్వామి అనే జైన సాధువు సమక్షంలో మాట ఇచ్చారు. లండన్‌లో ఒక స్నేహితుడు మాంసం తినమని రోజుల తరబడి వాదించాడు, పుస్తకాలు చదివి వినిపించాడు. ఆ వాదనలకు జవాబు చెప్పే నేర్పు ఆనాటి యువకుడికి లేదు. చెప్పనక్కర కూడా లేకపోయింది, ఎందుకంటే ఆ విషయం రాజ్‌కోట్‌లోనే తేలిపోయింది. కానీ ఆ రోజుల్లో ఆయన సగం ఆకలితోనే తిరిగారు. నగరంలో వెతికి వెతికి, ఫారింగ్డన్ వీధిలో ఒక శాకాహార భోజనశాల కనిపించాక గానీ కడుపునిండా తినలేదు. ఒట్టు ఆయనను తప్పటడుగు వేయకుండా కాపాడింది, నిజమే. అయినా ఆ ఒట్టుతో హాయిగా బతకడానికి మరో ఏర్పాటు కావలసి వచ్చింది. వద్దనుకున్నదాని స్థానంలో కావలసినదేదో కూడా చూసుకోవాలని ఈ సంగతి చెబుతోంది.

రెండో ఉదాహరణ 1915 నాటిది. అప్పుడే దక్షిణాఫ్రికా నుంచి వచ్చారు. కలకత్తాలో ఆతిథ్యమిచ్చినవాళ్లు ఆయన కోసం రకరకాల పళ్లూ గింజలూ తెప్పించి, ఆడవాళ్లు రాత్రంతా మేలుకుని సిద్ధం చేయడం చూసి ఆయన నొచ్చుకున్నారు. హరిద్వార్ కుంభమేళాకు వెళ్లినప్పుడు ఒక వ్రతం పట్టారు. భారతదేశంలో ఉన్నంతకాలం రోజుకు ఐదు పదార్థాలకు మించి తినకూడదు, చీకటి పడ్డాక ఏమీ తినకూడదు. ఇక్కడ ఆయన చేసిన పని గమనించాలి. వ్రతం పట్టే ముందే, రాబోయే చిక్కులన్నీ ఒక్కొక్కటిగా ఊహించుకున్నారు. జబ్బు చేస్తే ఎలా? మందు కూడా ఐదింటిలో ఒకటిగా లెక్కపెట్టాలా? అన్నీ ఆలోచించి, ఏ మినహాయింపూ వద్దనుకున్నారు. పదమూడేళ్ల తరవాత ఆత్మకథలో ఈ సంగతి రాస్తూ, ఆ నియమం తనను పరీక్షించిందనీ, కవచంలా కాపాడిందనీ చెప్పుకున్నారు. మనలో ఎవరమూ అంత కఠినంగా ఉండనవసరం లేదు. కానీ అడ్డంకిని అది ఎదురైన రోజున కాక, నిర్ణయం తీసుకున్న రోజునే ఆలోచించడం మాత్రం ఆయన దగ్గర నేర్చుకోవలసిందే.

నిగ్రహం గురించి మనకున్న మరో అపోహ చెబుతాను. కొందరిని చూసి 'అబ్బ, ఎంత గట్టి మనిషి' అనుకుంటాం. అలాంటివాళ్లు లోపల పెద్ద యుద్ధాలు చేసి గెలుస్తున్నారని మన ఊహ. 2012లో విల్‌హెల్మ్ హాఫ్‌మన్, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. జర్మనీలోని వుర్ట్స్‌బుర్గ్ ప్రాంతంలో 205 మందికి ఫోన్లు ఇచ్చి, వారం పాటు రోజుకు కొన్నిసార్లు పలకరిస్తూ, 'ఇప్పుడు మీ మనసు దేని మీదికి పోతోంది, దాన్ని ఆపుకుంటున్నారా' అని అడిగారు. నిగ్రహం ఎక్కువని తేలినవాళ్లు ఎక్కువ పోరాడుతున్నట్టు కనిపించలేదు. వాళ్లకు పోరాడవలసిన సందర్భాలే తక్కువగా వచ్చాయి.

అమెరికాలో వాల్టర్ మిషెల్ చేసిన ప్రయోగాలలోనూ ఇదే కనిపించింది. చిన్న పిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, కాసేపు ఆగితే రెండిస్తామని చెప్పి గదిలో ఒంటరిగా వదిలారు. మిఠాయి కేసి గుడ్లప్పగించి చూస్తూ ఓర్చుకుందామనుకున్న పిల్లలు ఓడిపోయారు. నిలిచిన పిల్లల్లో కొందరు కళ్లు మూసుకున్నారు, కొందరు గోడవైపు తిరిగారు, కొందరు పాటలు పాడుకున్నారు. మిఠాయిని కంటికి కనపడకుండా మూసిపెడితే ఇంకా చాలాసేపు ఆగగలిగారు. ఎక్కువసేపు ఆగిన పిల్లలే జీవితంలో పైకి వస్తారని చాలాకాలం ప్రచారం జరిగింది. 2018లో 900 మందికి పైగా పిల్లల వివరాలతో మళ్లీ చూసినప్పుడు, ఇంటి పరిస్థితులను కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ సంబంధం చాలామటుకు పలచబడిపోయింది. కాబట్టి, 'వీడికి ఓర్పు లేదు, వీడు బాగుపడడు' అని పసివాళ్ల నుదుట రాసే హక్కు మనకు లేదు. వాడి కళ్లెదుట నుంచి ఆ మిఠాయి పళ్లెం తీసి అవతల పెట్టడం మన చేతుల్లో ఉన్న పని.

డబ్బు విషయంలో ఈ సూత్రాన్ని మన తెలుగు ఆడవాళ్లు ఎప్పటి నుంచో పాటిస్తున్నారు. నెల గడిచాక మిగిలింది దాచుకుందాం అనుకుంటే ఏ ఇంట్లోనూ ఏమీ మిగలదు. డ్వాక్రా సంఘంలో నెలనెలా సమావేశం తేదీ ఖాయం, కట్టవలసిన పొదుపు ఖాయం, పదిమంది మధ్య కట్టడం ఖాయం. రిజిస్టరైన సంస్థలో చిట్టీ వేసినా, బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ పెట్టినా జరిగేది ఇదే. ఉద్యోగులకు భవిష్యనిధి కింద జీతం చేతికి రాకముందే కోత పడుతుంది. చేతికి రాని డబ్బు గురించి మనసు బేరాలాడదు.

ఆర్థిక శాస్త్రంలో 2017 నోబెల్ బహుమతి అందుకున్న రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్జీ కలిసి దీన్ని ఇంకాస్త ముందుకు తీసుకువెళ్లారు. ఇప్పుడు పొదుపు పెంచమంటే ఎవరికైనా ప్రాణం ఒప్పదు. అందుకని ఒక సంస్థలో ఉద్యోగులను, 'ఇప్పుడేమీ వద్దు, ఇక మీదట జీతం పెరిగినప్పుడల్లా అందులో కొంత పొదుపుకు మళ్లించడానికి ఇప్పుడే ఒప్పుకోండి' అని అడిగారు. ఎప్పుడైనా బయటికి వచ్చే స్వేచ్ఛ ఉంది. అయినా చాలామంది కొనసాగారు. 40 నెలల్లో వాళ్ల పొదుపు జీతంలో మూడున్నర శాతం నుంచి 13.6 శాతానికి పెరిగింది. రేపటి మంచికి ఇవాళే సరేననడం మనిషికి తేలిక. ఆ తేలికదనాన్ని వాడుకోవడంలో తప్పేమీ లేదు.

సరే, మన ఇంట్లో దీన్ని ఎలా మొదలుపెట్టాలి? ఒక ఇల్లాలికి షుగర్ ఉందనుకుందాం. రోజూ అరగంట నడవమన్నారు డాక్టరు గారు. ఆవిడకూ నడవాలనే ఉంది. పొద్దున్న పిల్లల క్యారేజీలు, మధ్యాహ్నం ఎండ, సాయంత్రం వంట, రాత్రి నీరసం. 'రేపటి నుంచి' అనుకుంటూ ఆరు నెలలు గడిచాయి. ఆవిడకు కావలసింది ఇంకాస్త పట్టుదల కాదు, ఒక వాక్యం. ఇలాంటిది: 'పొద్దున్న పాలప్యాకెట్లు లోపలికి తీసుకోగానే, స్టవ్ వెలిగించకముందే, చెప్పులు వేసుకుని గుడి వీధి చివర వేపచెట్టు దాకా వెళ్లి వస్తాను.' పాలు రోజూ వస్తాయి, కాబట్టి నడక రోజూ గుర్తుకొస్తుంది. స్టవ్ వెలిగిస్తే ఇక ఇల్లు వదలదని ఆవిడకే తెలుసు, అందుకే దానికి ముందు. చెప్పులు రాత్రే గుమ్మం పక్కన పెట్టుకుంటుంది. దీని వెంటే మరో రెండు వాక్యాలు రాసుకుంటుంది. 'వాన పడితే మేడ మీద వరండాలో నడుస్తాను.' 'ఇంట్లో చుట్టాలుంటే చెట్టు దాకా కాకుండా గుడి దాకానే వెళ్లి వస్తాను.' మొదటివారం వేపచెట్టు దాకా ఒక్కసారి వెళ్లివస్తే చాలు. నడక ముందు ఆ ఇంటి పొద్దులో చోటు చేసుకోవాలి. అరగంట దానంతట అదే తరవాత అవుతుంది.

ఇక్కడ ఇంట్లోవాళ్లు చేయగలిగిన సాయం ఒకటుంది. 'ఎందుకమ్మా బద్ధకం' అనే బదులు, ఆవిడ నడిచి వచ్చే కాసేపూ పిల్లల క్యారేజీ సంగతి ఇంకొకరు చూసుకోవడం. ఒక మనిషి నిర్ణయం నిలబడాలంటే ఇంట్లో దానికి చోటివ్వాలి.

వాక్యం రాసుకున్నాక మరో కట్టుబాటు ఉంది. నిర్ణయాన్ని మార్చుకోవచ్చు, కానీ పని చేయవలసిన ఆ గంటలో మార్చుకోకూడదు. అలారం మోగినప్పుడు 'ఇవాళ్టికి వదిలేద్దాం' అనే ఆలోచన ఎంతో సహేతుకంగా కనిపిస్తుంది. ఆ గంటలో మనసు న్యాయమూర్తి కాదు, కక్షిదారు. నిజంగానే ఆ వేళ కుదరడం లేదనుకుంటే ఆదివారం తీరిగ్గా కూర్చుని ఆలోచించి, వేళ మార్చుకోవచ్చు. అప్పటి దాకా పాత వాక్యమే అమల్లో ఉంటుంది.

అలవాటు పడడానికి ఎన్నాళ్లు పడుతుంది? లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించింది. భోజనంతో పాటు ఒక పండు తినడం, భోజనానికి ముందు కాసేపు వ్యాయామం చేయడం వంటివి వాళ్లు ఎంచుకున్న పనులు. చేయాలనుకోకుండానే చేయి దానంతట అది కదిలే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కానీ మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా పట్టవచ్చని వాళ్ల లెక్క. ఇంకో సంగతి కూడా తేలింది. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటుకు పెద్ద నష్టమేమీ జరగలేదు. 'ఒకరోజు పోయింది, ఇక వ్రతభంగమైంది' అని వదిలేస్తేనే నష్టం. తప్పిన మర్నాడు ఏం చేయాలో కూడా ముందే రాసి ఉంచుకుంటే ఆ గండం గట్టెక్కవచ్చు.

ఈ లెక్కతో 42వ రోజు సంగతి కూడా బోధపడుతుంది. కొందరికి మండలం చాలింది. కొందరికి ఇంకా అలవాటుగా గట్టిపడలేదు. ఈలోపు మాల తీయగానే ఆసరాలన్నీ ఒక్కసారిగా పోయాయి. నల్లబట్టలు పోయాయి, స్వామీ అనే పిలుపు పోయింది, భజన పోయింది, సాయంత్రం మళ్లీ ఖాళీ అయింది, పాత స్నేహితుడు మళ్లీ ఎదురొచ్చాడు. 41 రోజులకు నిర్ణయం ఉంది, 42వ రోజుకు లేదు. అంతేగానీ ఆ మనిషి రాత్రికి రాత్రి బలహీనుడు కాలేదు. కనుక మీ ఇంట్లో ఎవరైనా దీక్షలో ఉంటే, మాల ఇంకా మెడలో ఉండగానే, మనసు నిర్మలంగా ఉన్నప్పుడే, 42వ రోజు సాయంత్రం ఆరు గంటలకు ఎక్కడ ఉంటారో, ఎవరితో ఉంటారో కలిసి కూర్చుని అనుకోండి. తోటి స్వాములతో వారానికో సాయంత్రం కలవడమా, పిల్లల చదువు దగ్గర కూర్చోవడమా, పని నుంచి ఇంటికి వేరే దారిలో రావడమా, వాళ్లే చెప్పాలి. అయ్యప్ప దీక్షకైనా, భవానీ దీక్షకైనా, హనుమాన్ దీక్షకైనా ఇది వర్తిస్తుంది.

ఒక జాగ్రత్త తప్పక చెప్పాలి. ఏళ్ల తరబడి విపరీతంగా తాగుతున్న మనిషి ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, మతి తప్పడం, మూర్ఛ రావడం జరగవచ్చు. ప్రాణం మీదికి కూడా రావచ్చు. అది జబ్బు, దానికి వైద్యం ఉంది. మాల వేసుకునే ముందే డాక్టరును కలవండి. మానసిక ఆరోగ్య సాయం కోసం ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416 ఉచితంగా అందుబాటులో ఉంది. అలాగే షుగర్ మందులూ, ఇన్సులిన్ వాడేవాళ్లు ఒంటిపూట భోజనాలు, ఉపవాసాలు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకండి.

ఇంకొకటి. ఎవరి నిర్ణయం వారిదే కావాలి. తండ్రి గీసి గోడకు అంటించిన టైంటేబులు కొడుకు సంకల్పం కాదు. భార్య వేయించిన ఒట్టు భర్త సంకల్పం కాదు. పిల్లవాడి దగ్గర కూర్చుని, 'ఏ వేళ నీకు బుద్ధి బాగా పనిచేస్తుంది? ఫోను ఏ గదిలో పెడదాం?' అని అడగండి. వాడి నోటితో వాడు చెప్పిన వేళకు వాడు కట్టుబడతాడు, తప్పినా మళ్లీ దారికి వస్తాడు.

మనిషిని మనం చాలాకాలంగా రెండు జాతులుగా విడదీస్తున్నాం, పట్టుదల ఉన్నవాళ్లనీ, లేనివాళ్లనీ. మందు మానలేని కూలీ, నడవలేని ఇల్లాలు, చదువు మీద మనసు నిలవని విద్యార్థి, అందరూ ఆ రెండో జాతిలో పడి తమను తామే తిట్టుకుంటున్నారు. అలసట అందరికీ వస్తుంది. పగలంతా ఒళ్లు హూనం చేసుకున్నవారికి మరీ ఎక్కువ వస్తుంది. అలసిన వేళ ఆలోచించే పని పెట్టుకోకుండా ఉండడం బలహీనత కాదు, వివేకం.

కాబట్టి ఈ రాత్రి పడుకోబోయే ముందు, ఎన్నాళ్లుగానో చేద్దామనుకుంటున్న పనుల్లో ఒక్కదాన్నే తీసుకోండి. రెండు వద్దు. ఏ పని తరవాత, ఏ చోట, ఏం చేస్తారో ఒక వాక్యంగా రాయండి. అడ్డం వస్తే ఏం చేస్తారో రెండో వాక్యం రాయండి. తప్పిన మర్నాడు ఏం చేస్తారో మూడో వాక్యం రాయండి. ఆ కాగితం ఇంట్లో ఒకరికి చదివి వినిపించండి. రేపు ఆ వేళ వచ్చినప్పుడు కొత్తగా ఆలోచించకండి. కాగితంలో ఉన్నది చేయండి, చాలు.